కామాటిపురము మొదలు కారు స్టీరియో దాకా

బొంబాయి నగరమును కట్టినవారిలో మనవారును ఉన్నారని ప్రతి ఉగాదికి చెప్పుకొనుచునే ఉన్నాము. 18వ శతాబ్దము చివర నిజాము రాజ్యపు తెలంగాణము నుండి వచ్చిన కామాటీలు రాయి మోసి, సున్నము కలిపి ఈ దీవులపై వీధులు లేపినారు. కామాటిపురమునకు నిలిచినది వారి పేరే. పిమ్మట పద్మశాలీలు మిల్లులకు వచ్చి వర్లీ, పరేలు చాళ్ళలో కాపురములు పెట్టినారు. ఆ చాళ్ళలో వినిపించిన తెలుగు గొంతుల కథను మాత్రము మనము అంతగా చెప్పుకొనలేదు. ఒక పాత కారు స్టీరియో మాకు దానిని గుర్తుచేసినది.

బొంబాయి రేడియో కేంద్రము 1927 జులై 23న ప్రారంభమైనది. అమెరికాలో గాల్విన్ సోదరుల సంస్థ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియోను అమ్మజూపినది. 1963లో ఫిలిప్స్ సంస్థ కాసెట్టును లోకమునకు చూపినది. ఆ చిన్న వస్తువు వలస కుటుంబములకు చేసిన మేలు ఇంతింత అనరాదు. అక్షరము రాని తల్లి కూడ తన మాటను అందులో నింపి, బొంబాయి వచ్చువారి చేతికిచ్చి పంపగలిగినది. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనది. పని పోయిన కొందరు టాక్సీ పట్టినారు. కాసెట్టును వారితో కారెక్కినది.

మా చాల్‌లోని ఒక పెద్దాయన అట్టివారే. నగరములో ఆఖరి పద్మినీ టాక్సీకి 2023 అక్టోబరులో గడువు తీరినది. ఆయన బండి అంతకు మునుపే తుక్కునకు పోయినది. స్టీరియోను మాత్రము విప్పించి తెచ్చుకొన్నారు. మొన్న మనుమడు దానిని తన పాత వ్యానులో బిగించినాడు. పెట్టె పలుకలేదు.

"పారేద్దాం తాతా, ఫోన్ ఉన్నది గద" అన్నాడు మనుమడు.

"మా అమ్మ గొంతు ఇనాలంటే ఇదే గద బిడ్డా" అన్నారు పెద్దాయన.

జగిత్యాల నుండి ఆమె పంపిన కాసెట్టు ఒక్కటే మిగిలినది. ఆమె లేదు.

మేము నలుగురము కూడి చూచినాము. ఫ్యూజు బాగుగనే ఉన్నది. ఇట్టి పెట్టెకు మూడు తీగెలు ప్రాణము. సాధారణముగా పసుపుది బ్యాటరీ నుండి ఎల్లప్పుడును 12 వోల్టులు తెచ్చును, ఎఱ్ఱది తాళము త్రిప్పినపుడే తెచ్చును, నల్లది ఎర్తు. మీటరు పెట్టగా మొదటి రెండింట విద్యుత్తు ఉన్నది. నల్లది రంగు పూసిన రేకునకు బిగింపబడినది! రంగు గీకి బిగింపగా దీపము వెలిగినది. ఎడమ స్పీకరు పలుకలేదు. ఆ తీగెలను కుడి స్పీకరునకు తగిలింపగా అది పలికినది; కనుక దోషము పెట్టెది కాదు, స్పీకరుది. కామాటిపురమునకు దగ్గరలోని లామింగ్టన్ రోడ్డు నుండి మరొకటి తెచ్చినాము.

పెద్దాయన వెంటనే కాసెట్టు పెట్టబోయినారు. మేము ఆపినాము. చాలకాలము మూలబడిన యంత్రము టేపును మ్రింగివేయవచ్చును. ఐసోప్రొపైల్ స్పిరిటు అద్దిన దూదితో హెడ్డు తుడిచి, పోయినను చింతలేని వేరొక కాసెట్టును అరగంట ఆడించినాము. ఆ తరువాతనే అమ్మ కాసెట్టు.

"పైలంగ ఉండు బిడ్డా" అని వినబడినది. కొంతసేపు ఎవరమును మాటాడలేదు.

ఇక మనుమని ఫోను. స్టీరియోకు ఆక్స్ రంధ్రమున్నచో 3.5 మిల్లీమీటర్ల తీగె చాలును. ఫోనుకు రంధ్రము లేకున్న అడాప్టరో, బ్లూటూత్ రిసీవరో కావలెను. దీనికి ఆక్స్ లేదు. ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు పెట్టవచ్చును గాని, ఇన్ని స్టేషనులున్న నగరములో ఖాళీ చోటు దొరకుట కష్టము. అందుచేత కాసెట్టు ఆకారపు అడాప్టరు తెచ్చినాము. దానిలోని చిన్న హెడ్డు ఫోను పాటను అయస్కాంత సంకేతముగా మార్చి యంత్రపు హెడ్డునకు అందించును. ఫోను పాడినది, మనుమడు పారవేయుమాట మరల ఎత్తలేదు. ఇంజను ఆపి, తలుపులు మూసి, అమ్మ మాటలను అదే ఫోనులోనికి రికార్డు చేసినాడు. ఒక ప్రతిని ఊరిలోని మేనత్తకు పంపినాడు.

వర్లీ బి.డి.డి. చాళ్ళు కూలి మేడలు లేచుచున్నవి. ఇండ్లు మారు సోదర సోదరీమణులకు ఈ ఉగాదికి మా విన్నపము ఒక్కటే: అటకపై కాసెట్టులను పారవేయకముందు ఒకమారు వినండి. కామాటీలు లేపిన గోడలను నిలుపుట మన చేతిలో లేకపోవచ్చును. ఆ గోడల నడుమ పలికిన గొంతులను నిలుపుకొనుట మన చేతిలోనే ఉన్నది.