కరువులో మోసిన మాట

ఆ తుమ్మ మొద్దు కొంచెం లోపలికి తొయ్యి నాయనా. బుద్ధుడు మన పక్కకి వచ్చినాడా అని అడిగితివి గదా. ఆయన వచ్చినాడని నేను చెప్పలేను. ఆయన మాట పట్టుకున్న అశోకుడు రాయించిన బండలు మాత్రం దగ్గర్లోనే ఉండాయి. రాయదుర్గం దాటి మొళకాల్మూరు పక్కకి పోతే బ్రహ్మగిరి. అమ్మానాయన మాట వినాల, జీవాల మీద దయ ఉండాల, నిజమే చెప్పాల అని ఆడ రాసుండాది. రాసినోడు చపడుడంట, కింద తన పేరు గూడా పెట్టుకున్యాడు.

అదే అశోకుడు రాజస్థాన్‌లో, బైరాట్ దగ్గర ఇంకో రాతిమీద బుద్ధుని ఉపదేశాలు ఏడింటి పేర్లు చెక్కించి, సన్యాసులూ సంసారులూ అందరూ ఇవి మాటిమాటికీ వినండి అన్యాడు. వాటిలో ఒకటి అబద్ధం గురించి కొడుకు రాహులుడికి చెప్పింది. నాయన వస్తానే పిల్లోడు పీట వేసి, కాళ్లకి నీళ్లు పెట్టినాడు. బుద్ధుడు కాళ్లు కడుక్కొని చెంబులో రవ్వన్ని నీళ్లు మిగిల్చి చూపించినాడు. తెలిసీ అబద్ధమాడి సిగ్గుపడనోడి సన్యాసం ఇంతే అన్యాడు. ఆ నీళ్లూ పారబోసి, చెంబు బోర్లించినాడు. నీళ్ల విలువ తెలిసిన మన మడకశిరలో పుట్టినోళ్లకి ఖాళీ చెంబంటే ఏందో విడమరిచి చెప్పే పని లేదు.

అప్పట్లో ఇవేవీ పుస్తకాలు కావు, అంతా నోటిమీదే. గుంపుగా కూచొని వల్లించేవాళ్లు. చెక్కభజనలో ఒకడు చరణం తప్పితే పక్కోడు అందుకున్నట్ల, ఒకడి తప్పు పదిమంది దిద్దేవాళ్లు.

అట్లుండగా, ఈ పాఠాలు వల్లించే భిక్షువులుండే సింహళంలో పన్నెండేండ్ల కరువొచ్చింది. 1876 నాటి ధాత కరువు సంగతులు మా అవ్వ వాళ్లమ్మ దగ్గర విని మాకు చెప్పేది. అవి విన్నోణ్ణి, ఈ కత నాకు కడుపులో తగుల్తాది. కొందరు భిక్షువులు సముద్రం దాటి ఇండియాకొచ్చిరి. అరవైమంది సింహళంలోనే నిలిచి, గడ్డలూ ఆకులూ తిని బతికినారు. కూచునేకి శక్తి లేకపోతే ఇసక పోగేసి, దానిమీద తలపెట్టి వల్లించినారంట. వానలొచ్చి, పోయినోళ్లు తిరిగొచ్చినాక, రెండు గుంపులూ ఎదురెదురుగా కూచొని పోల్చుకుంటే అక్షరం తేడా రాలేదంట.

ఇంకోటుండాది, నాకు అన్నిటికన్నా పెద్దది ఇదే. మహానిద్దేసం అనే గ్రంథం మొత్తం నోటికొచ్చినోడు ఒక్కడే మిగిలినాడు. వాడి నడత బాగలేదు. మహారక్షితుడనే పెద్దాయన వాడి ముందర కూచునేకి ఒప్పుకోలే. ఇంకో పెద్ద భిక్షువు పట్టుబట్టి నచ్చజెప్పినాక పోయి, రాత్రింబగళ్లు కూచొని నేర్చుకున్యాడు. పాఠం పోగూడదు గదా! ఒక్కడి ఊపిరి మీద ఏలాడుతుంటే ఏమైతాదో కళ్లారా చూసినారు. ఆ కరువు తీరినాక, క్రీస్తుకు ముందు మొదటి శతాబ్దంలో, వట్టగామణి రాజు కాలాన, సింహళంలోని అలువిహారంలో బౌద్ధ గ్రంథాలు మూడు పిటకాలూ తాటాకులకెక్కించినారు.