కోసిగి జింక – రోళ్ళపాడు బట్టమేక – ఆఫ్రికా సఫారీ

1980 దశకంలో నేను కోసిగిలో ఉద్యోగం చేశాను. గుంతకల్లు–రాయచూరు రైలు మార్గంలో, బండరాళ్ల కొండల పక్కన ఉన్న ఆ ఊరి చుట్టూ నల్లరేగడి పొలాలు. తెల్లవారుజామున కృష్ణజింకల మందలు చేలల్లో మేసి, మనిషి అలికిడి కాగానే గాలిలోకి ఎగిరి దూకుతూ పోయేవి. చూడటానికి రెండు కళ్లు చాలేవి కావు. ఒకనాడు ఆ మాటే ఒక రైతుతో అన్నాను. ఆయన నవ్వలేదు. "జింకేమో గవర్నమెంటుది, చేను నాది. నా చేన్లో గవర్నమెంటు మేస్తా ఉంటే నేనెవరికి చెప్పుకునేది సార్?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. విశ్రాంత జీవితంలో ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ చదివిన సంగతులే ఈ వ్యాసం.

మన దేశంలో రాజులు, నవాబులు చీతాలను మచ్చిక చేసి కృష్ణజింకలను వేటాడించేవారు. తర్వాత తుపాకులు వచ్చాయి. చివరికి చీతాయే అంతరించింది. 1952లో ప్రభుత్వం ఆ మాట ప్రకటించింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి కృష్ణజింకకు పూర్తి రక్షణ కల్పించింది. నేడది మన రాష్ట్ర జంతువు.

మన కర్నూలు ప్రాంతానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చినది మాత్రం మరొక ప్రాణి. అదే బట్టమేక పక్షి. మీటరు ఎత్తు, మగపక్షి పదిహేను కిలోల దాకా బరువు. గడ్డినేలపైనే గుడ్డు పెడుతుంది, సాధారణంగా ఏడాదికి ఒక్కటే. నందికొట్కూరు ప్రాంతంలోని రోళ్ళపాడు గడ్డిభూముల్లో ఈ పక్షులుండటంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు 1980 దశకంలో ఏళ్ల తరబడి అక్కడ మకాం వేసి అధ్యయనం చేశారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2022 నుండి అది నంద్యాల జిల్లాలో ఉంది.

రక్షణ దొరికాక అక్కడ కృష్ణజింకలు పెరిగి, చుట్టుపక్కల చేలపై పడ్డాయి. పంట పోయిన రైతుకు అభయారణ్యం మీద అభిమానం ఎలా ఉంటుంది? మరోవైపు సాగునీరు రావడంతో మెట్టపైర్లు తగ్గాయి, గడ్డిభూములు కుంచించుకుపోయాయి. ఏ పక్షి కోసం అభయారణ్యం పెట్టారో, ఆ పక్షే కనుమరుగైంది. దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు నూట యాభై అని అంచనా. అందులో అధిక భాగం రాజస్థాన్‌లోనే. ఆదోనికి పొరుగున ఉన్న సిరుగుప్ప తాలూకాలో కొద్దిపాటి పక్షులు ఇటీవలి సంవత్సరాల్లోనూ కనిపించాయి.

ఇక ఆఫ్రికా సంగతి. 1932లో కెన్యాలో ట్రీటాప్స్ అనే హోటలును చెట్టు మీద కట్టారు. 1952లో ఎలిజబెత్ అక్కడ బస చేసిన రాత్రే తండ్రి మరణించగా ఆమె రాణి అయింది. దానితో ఆ హోటలు పేరు లోకమంతా మారుమోగింది. ఇప్పుడు అలాంటి విలాసవంతమైన బసల్లో ఒక్క రాత్రికి అయ్యే ఖర్చు మనలో చాలామంది నెల పెన్షన్‌ను మించుతుంది. కాని ఆ వైభవం వెనుక కన్నీళ్లు కూడా ఉన్నాయి. 1959లో మసాయి పశుపాలకులు సెరెంగెటిని వదిలి పోవలసి వచ్చింది. 1969లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం మకులెకే ప్రజలను ఖాళీ చేయించి, వారి భూమిని క్రూగర్ పార్కులో కలిపింది.

వర్ణవివక్ష పాలన పోయాక కథ మారింది. మకులెకే వారు కోరగా 1998 ఒప్పందంతో భూమి హక్కు తిరిగి వచ్చింది. వారు ఆ నేలను దున్నలేదు. మృగాలకే వదిలి, సఫారీ బసలు కట్టుకోనిచ్చి, ఆదాయంలో వాటా, ఉద్యోగాలు పొందారు. నమీబియా కూడా 1996 చట్టంతో వన్యప్రాణుల వల్ల వచ్చే రాబడిపై గ్రామ సంఘాలకు హక్కు ఇచ్చింది. 2022లో మన కూనో అడవికి మొదటి ఎనిమిది చీతాలు వచ్చింది ఆ నమీబియా నుండే. అయితే యాత్రికుల మీదే ఆధారపడటం కూడా ప్రమాదమే. 2020లో కరోనా వల్ల విమానాలు ఆగిపోగానే ఆ బసలన్నీ బోసిపోయాయి.

కోసిగిలో చెట్ల మీద హోటళ్లు కట్టాలని నేను అనను. మన జింక అడవిలో లేదు, రైతు చేనులోనే ఉంది. కనుక నష్టపరిహారం అతణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, తర్వాతి పైరు వేసేలోగా చేతికి అందాలి. జింకను చూడవచ్చే వారి నుండి రాబడి వస్తే, అందులో మొదటి వాటా ఆ ఊరికే చెందాలి. దరఖాస్తు రాయడం, దాన్ని వెంటబడి సాధించడం తెలిసిన మనవంటి విశ్రాంత ఉద్యోగులు ఊరికొకరు పూనుకున్నా రైతుకు కొంత ఆసరా.

పక్షి పోయాక అభయారణ్యం బోర్డు మిగిలితే ఏం లాభం? ఆనాటి రైతుకు నేను బాకీపడిన జవాబు ఇదే: జింక అందరిదీ అయినప్పుడు, అది మేసిన చేను నష్టం కూడా అందరిదే కావాలి.