రిఫరెన్స్ ఫైళ్లు: పేర్ల చరిత్ర

కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీసేటప్పుడు, వేరే ఫైల్లోని బొమ్మను తెచ్చి అతికించకుండా, అది ఉన్నచోటు చెప్పి చూపించుకునే ఏర్పాటు రిఫరెన్స్ ఫైలు. ఆటోక్యాడ్ వాడేవాళ్లు దీన్ని ఎక్స్‌రెఫ్ అంటారు. ఆర్కిటెక్టు తన ప్లాన్‌లో గోడ జరిపితే, దాన్ని అడుగున పెట్టుకున్న ఎలక్ట్రికల్ డ్రాయింగ్‌ తెరిచినప్పుడు అక్కడా గోడ జరిగి కనిపిస్తుంది. ఈ రెండు ఫైళ్లనూ కలిపి ఉంచేవి ఫైలు పేరూ, ఫోల్డర్ దారీ మాత్రమే.

ఆలోచన కంప్యూటర్ కంటే పాతదే. 1970లలో అమెరికాలో పారదర్శక ఫిల్మ్ షీట్లకు అంచున రంధ్రాలు పొడిచి, పిన్నుల పట్టీకి తగిలించి, ప్లాన్ మీద ప్లంబింగ్, దానిమీద కరెంటు పరిచేవారు. ఆటోక్యాడ్ 1982లో వచ్చినా, ఎక్స్‌రెఫ్ దానికి అబ్బింది 1990లో, రిలీజ్ 11తో. అప్పటిదాకా వేరే ఫైలు నకలును బ్లాకుగా ఇన్సర్ట్ చేయడమే దారి. అసలు మారినా నకలు మారేది కాదు.

డాస్ రోజుల్లో ఫైలు పేరుకు 8 అక్షరాలే దక్కేవి. ప్రాజెక్టు, అంతస్తు, విభాగం అన్నీ అందులోనే ఇరికించాలి. ఆ సంకేతాలు విప్పి చెప్పే కాగితం పోతే డ్రాయింగులున్నా లేనట్టే. పేరు ప్రభావం ఫైలుతో ఆగదు. ‘ఎఫ్01’ అనే ఫైల్లోని ‘వాల్’ లేయరు (పొర), దాన్ని తెచ్చుకున్న డ్రాయింగ్‌లో ‘ఎఫ్01|వాల్’గా కనిపిస్తుంది. దాన్ని శాశ్వతంగా కలిపేస్తే, అంటే బైండ్ చేస్తే, ‘ఎఫ్01$0$వాల్’ అవుతుంది. తోచినట్టు పెట్టిన ఒక్క పేరు లేయర్ల జాబితా పొడవునా పాకుతుంది. ఫైలును వేరే ఫోల్డర్‌లోకి మార్చారా, ప్లాన్ మాయమై, అది ఉండాల్సిన చోట పాత దారి ఒక్క వరుస అక్షరాలుగా మిగులుతుంది.

లేయర్ల పేర్లకు అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ 1990లో మార్గదర్శకాలు తెచ్చింది. 1998లో అదే పనికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13567 వచ్చింది. 1999 నాటి అమెరికా జాతీయ క్యాడ్ ప్రమాణంలో షీటు పేరు ‘ఏ-101’ అంటే ఆర్కిటెక్చర్, ప్లాన్, మొదటి షీటు. అన్నిటికన్నా తెలివైన పని బ్రిటన్ చేసింది. దాని ప్రమాణం బీఎస్ 1192:2007 ప్రకారం ప్రాజెక్టు, తయారుచేసిన సంస్థ, జోను, అంతస్తు, రకం, విభాగం, సంఖ్య ఈ వరుసలో హైఫన్లతో ఫైలు పేరవుతాయి. రివిజన్, స్థితి మాత్రం పేరుతో కలవకుండా విడిగా నమోదవుతాయి. రివిజన్‌ను పేరులోనే పెడితే, సవరణ జరిగిన ప్రతిసారీ పేరు మారి, దాన్ని నమ్ముకున్న డ్రాయింగులన్నిటికీ లింకు తెగుతుంది. 2018 నాటి ఐఎస్ఓ 19650 కూడా ఈ పద్ధతినే పట్టుకుంది.

దారి విషయంలో మార్పు ఆలస్యంగా వచ్చింది. డ్రైవ్ అక్షరంతో సహా పూర్తి దారి రాసుకోవడం మాని, ప్రస్తుత డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌ను బట్టి దారి చెప్పుకోవడం ఆటోక్యాడ్ 2018లో డిఫాల్ట్ అయింది. డ్రాయింగులు బయటికి పంపేటప్పుడు ఆటోక్యాడ్ ఆదేశం ఈ-ట్రాన్స్‌మిట్ ఎక్స్‌రెఫ్‌లు, ఫాంట్లు కూడగట్టి, వెంట ఒక నివేదిక జతచేస్తుంది. దొరకని ఫైళ్ల పేర్లూ అందులో ఉంటాయి. పంపేముందు చదవాల్సినది ఆ వరుసలే.