గడ్డి నుండి ముడతల అట్ట వరకు

పరవాడ నుండి ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి ఢిల్లీకి పంపవలసి ఉన్నదనుకొందాం. ఈనాడు ఊరు కదలకుండానే ఆన్‌లైన్‌లో బేరం కుదురుతున్నది. కాని ఆ బొమ్మ దారిలో ఎన్ని చేతులు మారుతుందో, ఎన్నిసార్లు క్రింద పడుతుందో ఎవరు చెప్పగలరు? లక్క పెచ్చు ఊడితే సొమ్ము తిరిగి ఇవ్వవలసి వస్తుంది. అట్లని వెలలో సగం పెట్టెకే ఖర్చు పెడితే బొమ్మ చేసినవారికి మిగిలేది ఏమున్నది? సరకును చౌకగా, భద్రంగా కట్టటం ఎట్లా అన్న ఈ ప్రశ్న చాలా పాతది.

ప్యాకింగు చేసే పనులు ముఖ్యంగా రెండు. ఒకటి, సరకును చెదరకుండా పట్టి ఉంచటం. రెండవది, దెబ్బను తానే భరించటం.

మొదటి పనికి మన ప్రాంతంలో తాటాకు బుట్ట, వెదురు తట్ట, గోనె సంచి పేరు పొందినవి. 1893-1896 సంవత్సరాల మధ్య బెజవాడ నుండి కటకం వరకు రైలుమార్గం ఏర్పడి, అది అనకాపల్లి మీదుగా సాగటంతో దూరపు అంగళ్ళకు సరకు పంపే వీలు పెరిగినది. 1855లో కలకత్తా సమీపాన రిష్రాలో మొదటి జనపనార మిల్లు వెలసిన తరువాత గోనె సంచి దేశమంతటా వ్యాపించినది. 1947లో దేశ విభజన జరిగినప్పుడు మిల్లులు భారతదేశంలో మిగిలినవి; జనుము బాగా పండే భూములు అధికభాగం తూర్పు పాకిస్తానుకు పోయినవి. ఆ లోటు తీర్చటానికి జనపనారకు తోడుగా గోగునార వాడుక పెరిగినది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మెట్టచేలలో గోగు ముఖ్యమైన పంట అయినది. దూరపు వస్తువు అందనప్పుడు దగ్గరి మొక్క ఆదుకొన్నది.

ఇక రెండవ పని. ఒక మీటరు ఎత్తు నుండి పడిన వస్తువు గట్టి నేలకు తగిలి ఒక మిల్లీమీటరులోనే ఆగిపోతే, దానిపై పడే సగటు బలం దాని బరువుకు సుమారు 1000 రెట్లు. అదే వస్తువు మెత్తని పొరలో రెండు సెంటీమీటర్లు దిగి ఆగితే, ఆ బలం సుమారు 50 రెట్లకు తగ్గుతుంది. మామిడిపండ్లను వరిగడ్డిలో పేర్చిన రైతు ఈ లెక్క వేయలేదు. ఫలితం మాత్రం ఎరుగును. నడుమ గాలికి చోటు ఉండి, వంగి అణిగే గడ్డిపోచలే అక్కడ పరుపు.

ముడతల అట్ట రహస్యం కూడ ఇదే. 1856లో ఇంగ్లండులో హీలీ, ఆలెన్ అనే ఇద్దరు ముడతలు పెట్టిన కాగితానికి పేటెంటు పొందినది పొడవాటి టోపీల లోపలి అంచు కొరకు! 1871లో న్యూయార్కుకు చెందిన ఆల్బర్ట్ జోన్స్ దానిని సీసాలకు, దీపపు చిమ్నీలకు చుట్టవచ్చునని చూపినాడు. 1874లో ఆలివర్ లాంగ్ దానికి చదునైన కాగితం అతికించటంతో ముడతలు సాగిపోకుండా నిలిచినవి. 1957లో అమెరికాలో ఫీల్డింగ్, షావాన్ అనేవారు రెండు ప్లాస్టిక్ రేకుల నడుమ గాలిబుడగలను బంధించినారు. వారు తలచినది గోడలకు అతికించే అలంకార కాగితం, అది చెల్లలేదు. తరువాత ఆ బుడగల రేకే సున్నితమైన యంత్రాలకు రక్షణ అయినది. అయితే గడ్డి, అట్ట మట్టిలో కలిసిపోతాయి. ఈ రేకు ఏండ్ల తరబడి కలియదు.

గడ్డి అయినా, అట్ట అయినా, బుడగ అయినా అణిగి దెబ్బను ఓర్చటానికి వీలు ఇచ్చేది నడుమనున్న గాలి చోటే. దానికి వెల లేదు. కనుక పరవాడ బొమ్మకు క్రొత్త సామగ్రి కొననక్కరలేదు. దుకాణంలో ఖాళీ అయిన అట్టపెట్టె, నలిపిన పాత వార్తాపత్రికలు చాలును. అట్ట తడిసినది కారాదు, మూలలు చితికి ఉండరాదు. తడిసిన అట్టకు బలం ఉండదు. పెట్టె మరీ పెద్దది కారాదు. తపాలా ఖర్చు బరువును బట్టి పెరుగును. మూసిన పిమ్మట పెట్టెను చెవి దగ్గర పెట్టి ఊపి చూడవలెను. లోపల చప్పుడు లేకుంటే బొమ్మ ప్రయాణానికి సిద్ధమైనట్లే.