గడి హర్రాజు: పాట ఎవరిది, డప్పు ఎవరిది

ఊరి నడుమ పాత గడి ఉంటది. అప్పు కిందనో, వారసుల పంపకాల తగాదాలోనో కోర్టుకెక్కుతది. కోర్టు హర్రాజు ప్రకటన వేస్తది. పట్నంలో పైకమున్నవాడు పాట పాడి కొంటాడు, గోడలకు సున్నం కొట్టించి హోటలో, బడో, విడిది ఇల్లో చేస్తాడు. దీన్ని ‘వారసత్వ కట్టడాన్ని కాపాడటం’ అంటున్నారు. కాపాడితే కాదనేదేం లేదు. అయితే ఆ ఇంటి చరిత్ర అమ్మకం కాగితంతో మొదలు కాలేదు. అది అంతకు ముందటి ఇంకో హర్రాజుతో మొదలైంది.

19వ శతాబ్దం నడిమి దాకా నైజాం రాజ్యంలో శిస్తు వసూలునే గుత్తకిచ్చేవారు. ఎక్కువ పాడినవాడికి ఊళ్లకు ఊళ్లు అప్పగించేవారు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ గుత్తలు తీసేశాడు, 1865లో జిల్లాబందీ తెచ్చాడు. గుత్త పోయిన దేశ్‌ముఖ్, దేశ్‌పాండేలకు మాత్రం వంశపారంపర్య రుసుములు కట్టబెట్టాడు. తర్వాత సర్వే సెటిల్‌మెంటు జరిగినప్పుడు మంచి భూములు వాళ్ల పేర్ల మీదికే ఎక్కాయి. గడి అంటే ఆ బలానికి కట్టిన గోడ. మన చరిత్రకారులు ఆ గోడ ఎత్తు కొలిచారు గానీ గోడకు మట్టి తొక్కిన కాళ్లను లెక్కబెట్టలేదు.

నవాబుపేట, వికారాబాద్, తాండూరు దిక్కు చూస్తే ఊళ్ల పేర్లలోనే ప్రభువులు కూర్చున్నారు. వికారాబాద్ అంటే పాయిగా అమీరు వికార్ ఉల్ ఉమ్రా పేరు. నిజాంకు గుర్రపు దళాలు పోషించేందుకు ఇచ్చిన ఊళ్లే పాయిగాలు. ఆ ఊళ్ల రాబడి మీద బతికిన ఈ అమీరే 1884లో హైదరాబాదులో ఫలక్‌నుమా మొదలుపెట్టి అప్పుల్లో మునిగాడు. ఆఖరికి అది ఆరో నిజాం చేతికి పోయింది. 2010లో హోటలుగా తెరిచారు. ఊళ్లో గడి అయినా పట్నంలో మహలు అయినా రాళ్లకు డబ్బు వచ్చిన తోవ ఒక్కటే, అది పొలం నుంచి వచ్చింది. పొలంలో ఎవలున్నరో మనకు తెలుసు.

వెట్టి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మాదిగ ఇల్లు దొరకు చెప్పులు, మోటకు తోలు బొక్కెన, ఎడ్లకు పట్టెడలు ఊరికే ఇయ్యాలి. ఇంటికొక మనిషి గడి పనికి పోవాలి. అధికారి వస్తే మూటలు మొయ్యాలి, కట్టెలు కొట్టాలి, కబురు పట్టుకుని పక్క ఊరికి ఉరకాలి. ఆడవాళ్లు గడిలో దంచాలి, ఊడ్వాలి. సాకలి, మంగలి, కుమ్మరి కూడా వెట్టిలో ఉన్నారు. కాకపోతే గడి లోపలి అర్రల దాకా పోయే వీలు కొందరికుండేది. మనోళ్లకు గడప దాటే హక్కే లేదు. బాకీ కింద ఒళ్లు కుదువబెట్టే భాగేలా మీద 1936లో నైజాం సర్కారు చట్టం తెచ్చింది, 1943లో సవరించింది. ఊళ్లో మాత్రం దొర మాటే చట్టం.

1949లో జాగీర్లు, వాటితో పాటు పాయిగాలు రద్దయ్యాయి. జాగీర్దార్లకు పరిహారం కట్టిచ్చారు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం బాకీ కొట్టేసింది గానీ, తరాలుగా పోయిన కూలికి లెక్క కట్టలేదు. భూమి పోయినోడికి పరిహారం దొరికింది, ఒళ్లు అరిగినోడికి విముక్తి ఒక్కటే దొరికింది.

గడులు ఖాళీ అయింది చట్టాలతో కాదు. 1946–51 సాయుధ పోరాటంలో దొరలు పట్నం ఉరికారు. సైన్యం వచ్చినంక చాలామంది తిరిగొచ్చారు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర, ఆ తర్వాత సాంఘిక బహిష్కారంతో మళ్లీ తాళాలు పడ్డాయి. కొన్ని గడులు పోలీసు క్యాంపులయ్యాయి. ఇప్పటి గెస్ట్‌హౌసు కంటే ముందు జరిగిన మార్పు అది. అమ్మకం ప్రకటనలో ఆ ముచ్చట ఉండదు.

ఇక హర్రాజు పద్ధతి చూడండి. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు ప్రకారం జప్తు సంగతి ఆస్తి దగ్గరే డప్పు కొట్టి గానీ, ఆ తావు ఆచారం ప్రకారం గానీ చాటాలి. పాట ఖాయమైనవాడు అక్కడికక్కడే నాలుగో వంతు కట్టాలి, మిగతాది పదిహేను రోజుల్లో కట్టాలి. ఇప్పుడు మనవాళ్లు ఈ కాగితంలో ఎక్కడున్నారు? పాటదారుల్లో లేరు. నాలుగో వంతు కాదు, పాటలో కూర్చునే ధరావతే వాడలో పుట్టదు. ఒకటి డప్పులో ఉన్నారు. ఊరికి చాటింపు వేసింది మాదిగోడే. రెండోది హద్దుల కాలమ్‌లో. తూర్పుకు బాట, పడమటికి బావి, దక్షిణానికి మాదిగవాడ అని రాస్తే, ఆ ఒక్క చోట వాడకు కాగితం మీద పేరొస్తది. అదే డప్పును 1994 జూలై 7న ఈదుముడిలో మాదిగలు దండోరాగా తమ కోసం మోగించారు. దొర ఆస్తికి కొట్టిన డప్పుకూ దానికీ మధ్య దూరం చిన్నది కాదు.

ఇంకో తేడా. సర్కారు మనకిచ్చిన అసైన్డు భూమి 1977 చట్టం ప్రకారం అమ్మరాదు. ఆ నిషేధం మన రక్షణకే, వద్దనను. కానీ వెట్టితో లేచిన గడికి బజారులో ధర ఉంది, వెట్టి చేసినోడికి దక్కిన ఎకరానికి ధర లేదు.

కొన్ని గడులు, కోటలు అమ్మకుండానే బాగుపడ్డాయి. దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం వచ్చింది. తెలంగాణకు 2017 నుంచి వారసత్వ చట్టం కూడా ఉంది. ఇవి రాయిని, గచ్చును, టేకు దూలాన్ని చూస్తాయి. వాడ జ్ఞాపకాన్ని రాసుకునే పని విద్యార్థులదీ, టీచర్లదీ. గడి చేతులు మారకముందే పోయి ముసలోళ్లను అడగాలి. డంగు సున్నం ఎవరు రుబ్బిన్రు? బండలు ఏ గుట్ట నుంచి వచ్చినయి? బావి తవ్వినోళ్లకు ఆ బావి నీళ్లు దక్కినయా? వాడ నుంచి ఊళ్లోకి బాట గడి స్థలంలోంచే పోతే దాన్ని ఎన్నేళ్లుగా నడుస్తున్నరు?

ఈ చివరి ప్రశ్నకు జవాబు కోర్టులోనూ అవసరపడొచ్చు. అమ్మకంలో మోసం గానీ, నష్టం తెచ్చే పెద్ద లోపం గానీ ఉంటే, దానివల్ల తమ ప్రయోజనం దెబ్బతిన్నవాళ్లు రద్దు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు అమ్మకం తేదీ నుంచి అరవై రోజులు. వాడ బాట ఈ లెక్కలోకి వస్తదా రాదా అన్నది వకీలుతో మాట్లాడాలి. అందుకు ముందు ప్రకటన కాపీ చేతికి రావాలి. అది కోర్టు గోడకూ, గ్రామ పంచాయతీ ఆఫీసుకూ అంటించి ఉంటది.