పాతబస్తీ వీధి బాలలు: కాగితం నుంచి కంప్యూటర్ దాకా రికార్డుల చరిత్ర

హైదరాబాద్ పాతబస్తీలో పెరిగే పిల్లవాడి పేరు మామూలుగా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి నగరపాలక సంస్థ జనన రిజిస్టర్, రెండోది బడి హాజరు పట్టీ. ఆపదలో పడితే ఠాణాలోనూ, బాలల సంక్షేమ సమితి దగ్గరా మరో రెండు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. వీధిలో బతికే పిల్లల సంగతి వేరు. మొదటి రెండింట్లో వాళ్ల పేరు చాలాసార్లు ఉండదు. తర్వాతి రెండింట్లో ఉన్నా ఒక్కోచోట ఒక్కో పేరు, ఒక్కో వయసు. 1999 నుంచి ఈ పుస్తకాలన్నీ ఒకదాని వెంట ఒకటి కంప్యూటర్లకెక్కాయి. దానివల్ల వీధి బాలలకు ఏం ఒరిగింది, ఏది ఇంకా అందలేదు అన్నదే ఈ చరిత్ర.

నగరంలో పురపాలన 1869లో మొదటి సాలార్‌జంగ్ హయాంలో మొదలైంది. దిక్కులేని పిల్లలను ఆదుకునే పని మాత్రం చాలాకాలం ఆశ్రమాలదే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో సరూర్‌నగర్ ప్యాలెస్‌లో విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమం వెలిసింది. 1921లో నాంపల్లిలో అనీసుల్ గుర్బా వచ్చింది. ఆశ్రమం గడప తొక్కిన పిల్లల పేర్లు వాటి పుస్తకాల్లో ఉండేవి. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో మిగిలిపోయిన వాళ్లను లెక్కపెట్టే ఏర్పాటు ఉండేది కాదు.

దేశమంతటికీ ఒకే విధానం తెచ్చింది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా చెబితే పైసా ఖర్చు లేదు. 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము కట్టాలి. ఏడాది లోపయితే అధికారి అనుమతి కావాలి, 2023 సవరణ దాకా ప్రమాణపత్రం కూడా అవసరమయ్యేది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తప్పనిసరి. బహిరంగ స్థలంలో వదిలేసిన పసికందు దొరికితే ఆ సమాచారం ఇవ్వాల్సిన బాధ్యతను ఊళ్లో గ్రామాధికారి మీద, పట్నంలో ఠాణా అధికారి మీద ఈ చట్టమే పెట్టింది. దిక్కులేని బిడ్డను కూడా పుస్తకంలోకి ఎక్కించాలన్న ఆలోచన చట్టంలో మొదటి నుంచీ ఉందన్నమాట. అయితే పదేళ్ల వయసులో రైలెక్కి వచ్చి మదీనా చౌరస్తాలో దిగబడ్డ పిల్లవాడికి ఆ మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చిపెట్టేదెవరు?

1999 డిసెంబరులో జంట నగరాల్లో ‘ట్విన్స్’ పేరుతో ఒక ప్రయోగం మొదలైంది. బిల్లుల చెల్లింపు, ధ్రువపత్రాలు ఒకే కౌంటర్లో దొరికేలా చేయడం దాని లక్ష్యం. 2001 ఆగస్టులో అది ఈసేవ అయింది, 2011 నవంబరులో మీసేవ వచ్చింది. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల పురపాలక సంఘాలను కలుపుకొని గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఏర్పడింది. పుట్టిన సర్టిఫికెట్ కోసం సర్కిల్ ఆఫీసు చుట్టూ తిరిగే అవస్థ చాలామందికి తగ్గింది. తగ్గింది పేరు పుస్తకంలో ఉన్నవాళ్లకే. లేని పేరును కంప్యూటర్ పుట్టించలేదు.

ఆ లోటు పూడ్చగలిగే నిబంధన మరో చట్టంలో ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం తన పరిధిలో నివసించే పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి రికార్డూ స్థానిక సంస్థే నిర్వహించాలి. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బడీ చేర్చుకోకుండా ఉండకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతోంది. వీధి బాలలకూ వర్తించే స్పష్టమైన ఆదేశమిది. కానీ ఆచరణలో పిల్లల లెక్కలన్నీ ఇంటి చుట్టూనే తిరిగాయి. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్క రోజులో జరిపిన సమగ్ర కుటుంబ సర్వే ఎన్యూమరేటర్లను గడప గడపకూ పంపింది. గడపే లేని పిల్లలను అలాంటి సర్వే ఎలా పట్టుకుంటుంది? ఇల్లు లేనివారి కోసం 2011 జనగణన ఫిబ్రవరి 28 రాత్రిని ప్రత్యేకంగా కేటాయించింది. అయితే జనగణన తలలు లెక్కపెడుతుందే తప్ప ఏ పిల్లవాడి చేతికీ కాగితం ఇవ్వదు.

2015 జనవరిలో పాతబస్తీ దేశమంతటి కళ్లలో పడింది. దక్షిణ మండలం పోలీసులు భవానీనగర్, తలాబ్‌కట్ట ప్రాంతాల్లోని గాజుల కార్ఖానాల మీద దాడులు చేసి, ఒక్క విడతలోనే రెండు వందలకు పైగా పిల్లలను బయటికి తెచ్చారు. వాళ్లలో ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవారు. పని చేసే గదిలోనే తిండీ నిద్రా. లాడ్‌బజార్‌లో మెరిసే గాజుల వెనక ఈ గదులున్నాయని నగరం అప్పుడు చూసింది. తర్వాత వాళ్లను రైల్లో సొంత రాష్ట్రానికి పంపించారు.

ఇలాంటి ప్రతి సందర్భంలోనూ అధికారులకు మొదట ఎదురయ్యే ప్రశ్న వయసు. 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ దానికి ఒక వరస పెట్టింది. బడి ఇచ్చిన జన్మదిన పత్రం గానీ మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్ గానీ ముందు చూడాలి. అది లేకపోతే నగరపాలక సంస్థ, పురపాలక సంఘం లేదా పంచాయతీ ఇచ్చిన పుట్టిన సర్టిఫికెట్. రెండూ లేకపోతే ఎముకల ఎక్స్‌రే వంటి వైద్య పరీక్ష. ఎముక సుమారు వయసే చెబుతుంది. పద్నాలుగుకూ పదహారుకూ మధ్య ఉన్న పిల్లవాడి విషయంలో ఆ సుమారే యజమాని మీద పెట్టే కేసును నిలబెట్టవచ్చు, పడగొట్టనూ వచ్చు. ఎక్కడో బీహార్ పంచాయతీ పుస్తకంలో లేని ఒక్క నమోదు హైదరాబాద్ కోర్టులో ఇంత పని చేస్తుంది.

తప్పిపోయిన పిల్లల రికార్డు వేరే దారిలో నడిచింది. బాలల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు, పిల్లలు కనిపించలేదన్న ప్రతి ఫిర్యాదునూ ఎఫ్ఐఆర్‌గా నమోదు చేయాలని ఆదేశించింది. తప్పిపోయిన పిల్లల వివరాల కోసం పెట్టిన ట్రాక్‌చైల్డ్ పోర్టల్ ఠాణాలనూ బాలల గృహాలనూ ఒకచోటికి తెచ్చింది. పిల్లలను వెతికి కాపాడేందుకు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతున్నాయి. తెలంగాణ పోలీసులు ‘దర్పణ్’ అనే ముఖ గుర్తింపు సాధనాన్ని తయారు చేసి, దేశంలోని బాలల గృహాల్లో ఉన్న పిల్లల ఫొటోలను తప్పిపోయిన పిల్లల ఫొటోలతో పోల్చడం మొదలుపెట్టారు. 2015లో ఉత్తరప్రదేశ్‌లోని హండియాలో తప్పిపోయిన బాలుడు అస్సాంలోని గోల్‌పారా బాలల గృహంలో ఉన్నాడని అది గుర్తించింది. 2020లో ఆ పిల్లవాడు తల్లిదండ్రులను కలిశాడు. ఫొటో తీసి, శ్రద్ధగా ఎక్కించిన ఒక రికార్డు అయిదేళ్ల ఎడబాటును తీర్చింది. ఈ రంగంలో డిజిటలీకరణ సాధించిన విజయాల్లో అది తలమానికం.

అదే సాంకేతికత మీద పాతబస్తీలోనే అభ్యంతరం కూడా పుట్టింది. 2021 లాక్‌డౌన్‌లో షాగంజ్ దగ్గర పోలీసులు తనను ఆపి, మాస్కు తీయమని అడిగి ఫొటో తీశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ముఖ గుర్తింపు వినియోగాన్ని తెలంగాణ హైకోర్టులో సవాలు చేశారు. రేషన్ కార్డుల విషయంలో ఆయనే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కంప్యూటర్ లెక్కలను నమ్మి రద్దు చేసిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. రికార్డులను కలిపే యంత్రం తప్పు చేస్తే పేద ఇంట్లో బియ్యం ఆగిపోతాయని తెలిశాక, వీధి బాలల జాబితాను ఎవరి చేతుల్లో పెడుతున్నామో జాగ్రత్తగా చూసుకోవాలి. పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది కూడా.

మీసేవ ద్వారా వచ్చిన సులువు పక్కదారి పట్టిన సందర్భమూ ఉంది. సరైన పత్రాలు లేకుండానే జారీ అయిన వేల జనన, మరణ సర్టిఫికెట్లను జీహెచ్ఎంసీ 2022, 2023లలో రద్దు చేసింది. ఇలాంటి అక్రమాల తర్వాత సహజంగానే నిబంధనలు బిగుస్తాయి. ఆ బిగింపు దెబ్బ మొదట తగిలేది ఏ కాగితమూ చూపలేని పిల్లలకే. అక్రమాన్ని అరికట్టడమూ, దారిలేని పిల్లవాడికి దారి చూపడమూ రెండూ ఒకే కార్యాలయం చేయాల్సిన పనులు.

వీధి బాలల కోసమే ప్రత్యేకించిన జాతీయ నమోదు ఆలస్యంగా వచ్చింది. సుప్రీంకోర్టు తనంతట తానుగా చేపట్టిన కేసులో 2022 జనవరిలో ఇచ్చిన ఆదేశాల మేరకు రాష్ట్రాలు వీధి బాలలను గుర్తించి, జాతీయ బాలల హక్కుల కమిషన్ నడిపే బాల్ స్వరాజ్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించాలి. ఒంటరిగా బతికేవారు, పగలు వీధిలో ఉండి రాత్రికి బస్తీ చేరేవారు, కుటుంబంతో సహా వీధిలో ఉండేవారు అని మూడు రకాలుగా చూడాలి. పాతబస్తీకి ఈ విభజన చక్కగా సరిపోతుంది.

2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరికకూ పాస్‌పోర్టుకూ ఓటరు జాబితాకూ పుట్టిన సర్టిఫికెటే ఆధారం. అనాథల, వదిలేసిన పిల్లల, ఒంటరి తల్లుల బిడ్డల నమోదుకు ఇందులో వీలు కల్పించారు. ఏడాది దాటిన నమోదుకు ఇప్పుడు కోర్టు మెట్లెక్కనక్కర్లేదు, జిల్లా మేజిస్ట్రేటు గానీ ఆయన అధికారమిచ్చిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటు గానీ ఉత్తర్వు ఇవ్వవచ్చు. దారి సులువైంది, పత్రం విలువ మాత్రం అంతకు పదింతలు పెరిగింది. అందుకే బాలల గృహంలో చేరిన ప్రతి పిల్లవాడి తరఫునా ఆ దరఖాస్తు పెట్టే బాధ్యత ఒక అధికారికి అప్పజెప్పాలి.

1996లో ముంబైలో పుట్టిన 1098 బాలల హెల్ప్‌లైన్ 2023లో ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చి 112 అత్యవసర సేవతో కలిసింది. పాతబస్తీలో గానీ మరెక్కడ గానీ ఒంటరిగా తిరిగే బిడ్డ కనిపిస్తే ఏ వేళలోనైనా 1098కు ఫోన్ చేయండి. చట్టం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లోగా ఆ బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు ఉంచాలి.