రామారావుగారు - రెండు ఉత్తర్వులు

మన కృష్ణాజిల్లా నిమ్మకూరులో 1923లో జన్మించిన నందమూరి తారక రామారావుగారు పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఎన్నికలలో గుడివాడ ప్రజలూ ఆయనను గెలిపించారు.

కిలో రెండు రూపాయల బియ్యంతో పేదల ఇళ్ళలో పొయ్యి వెలిగింది. ఆ ఫిబ్రవరిలోనే పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గింది. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు మిగిలి ఉండగానే వేలాది ఉద్యోగులు ఇంటిముఖం పట్టారు. 1984 ఆగస్టు 23న వయస్సు మళ్ళీ 58 అయింది. నడుమ దిగిపోయినవారిలో 58 నిండనివారికి 1985లో సుప్రీంకోర్టు తీర్పుతో ఊరట దొరికింది.

1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు. మనుమలకు ఆయన కథ చెప్పేటప్పుడు బియ్యం మాటతోపాటు ఈ మాటా చెప్పాలని నా మనవి.